ఓడెక్కిన ఊరు

నాకు జర్మన్ భాష వచ్చునంటే ఫిజీ దీవుల్లో ఈ ద్రాసాలో మా ఇంటికి వచ్చే కుర్రవాళ్ళు నమ్మరు. చెరకుతోటలో గిర్మిట్ చేశానంటే నమ్ముతారు. సువాలో దినపత్రికకు ఓడల వార్తలు రాశానన్నా నమ్ముతారు. జర్మన్ అనేసరికి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మొన్న ఒకడు, "ఏదీ తాతా, రెండు ముక్కలు మాట్లాడు" అన్నాడు. మాట్లాడాను. ఎవరికీ అర్థం కాలేదు కనుక పరీక్ష నెగ్గినట్టే అయింది.

ఆ భాష నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. దానితో నేను చేసిన ముఖ్యమైన పని మాత్రం ఒక్క పూటలో అయిపోయింది. ఆ పూట సంగతి రాయమని వాళ్ళే అడిగారు. పత్రికల్లో చేరాలని ఉందట. ఇది చదివాక కూడా ఆ కోరిక మిగిలి ఉంటే చేరవచ్చు.

మద్రాసులో నేను ఒక ఇంగ్లీషు పత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అక్కడి నుంచి ఓడ ఎందుకెక్కానో చెప్పాలంటే మరో పుస్తకం అవుతుంది. అంత ఓపిక లేదు. గిర్మిట్ అంటే కూలి ఒప్పందం, అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళూ ఈ ద్రాసా పక్కనే చెరకు నరికాను. ఒప్పందం తీరాక సువా వెళ్ళి, అచ్చు అక్షరాలు పేర్చే పనికి కుదిరాను. కత్తి పట్టిన వేళ్ళు మొద్దుబారిపోయి మొదట్లో అక్షరాలు జారి నేలపాలయ్యేవి. అచ్చుకూటం మేస్త్రీ విసుగెత్తి, వీడికి ఇంగ్లీషు వచ్చు కదా, బయట తిప్పండి అన్నాడు. అలా రేవు వార్తలు నా పాలబడ్డాయి. ఏ ఓడ వచ్చింది, ఏ ఓడ పోయింది, ఏం దించింది, ఎవరిని ఎక్కించుకుంది. ముప్పై ఏళ్ళకు పైగా నేను రాసినదంతా కుదిస్తే ఈ నాలుగు ముక్కలే.

మా సంపాదకుడు స్కాట్లండు మనిషి. పొడి దగ్గు, పొడి మాట. ఆ రోజుల్లో సమోవా జర్మనీ ఏలుబడిలో ఉండేది. అక్కడి నుంచి స్టీమరు వచ్చినప్పుడల్లా వాళ్ళ వారపత్రిక వచ్చేది. కొబ్బరి ధరలూ ఓడల రాకపోకలూ అందులో మాకంటే ముందు పడేవి. చదవగలిగిన తెల్లవాడు ఒకడుంటే సిడ్నీ వెళ్ళిపోయాడు. సంపాదకుడు నన్ను పిలిచాడు.

"నీకు ఎన్ని భాషలు వచ్చు?"

"తెలుగు, అరవం, హిందూస్తానీ, ఇంగ్లీషు. ఈ దీవుల సొంత మనుషులు కైవీతీలతో బేరమాడేంత ఫిజియన్."

"అయితే ఇంకొకటి బరువు కాదు," అని ఆ వారపత్రిక నా చేతిలో పెట్టి దగ్గుకోవడానికి బయటికి వెళ్ళాడు. జీతం సంగతి ఎత్తడానికి మనిషి లేడు.

గురువును నేనే వెతుక్కున్నాను. రేవు పక్కన పడవలు బాగుచేసే కొట్టంలో ఒక ముసలి జర్మన్ వడ్రంగి ఉండేవాడు. హాంబుర్గ్ దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టి, చిన్ననాటనే ఓడల్లో పడి, చివరికి ఇక్కడ ఒడ్డెక్కినవాడు. సాయంత్రాలు వెళ్ళి కూర్చుంటే పని ఆపకుండానే నేర్పేవాడు. పుస్తకం లేదు, పలక లేదు. ఎదురుగా కనిపించిన వస్తువు పేరు చెప్పేవాడు, నేను అప్పజెప్పేవాణ్ణి. నీళ్ళు 'వాతర్', ఓడ 'షిప్', ఇల్లు 'హూస్'. సగం ఇంగ్లీషులాగే ఉందే, ఇంత తేలికా అని పొంగిపోయాను. ఏడాది తిరిగేసరికి అతనితో వానల గురించీ, చెక్కపురుగు గురించీ, మా సంపాదకుడి దగ్గు గురించీ మాట్లాడగలిగాను.

అప్పుడు ధైర్యంగా వారపత్రిక విప్పాను. ఇంగ్లీషు అక్షరాలకు కొమ్ములూ తోకలూ మొలిచినట్టుండే అచ్చు అది. కంటికి అలవాటు చేసుకుని కూడబలుక్కుంటే, నీళ్ళు 'వాసర్' అయ్యాయి, ఓడ 'షిఫ్' అయింది, ఇల్లు 'హౌస్' అయింది. వాక్యం వాక్యమంతా కొత్తది. పత్రిక తీసుకుని కొట్టానికి పరుగెత్తాను.

"నువ్వు నేర్పిన భాష ఇందులో లేదు."

వడ్రంగి చిత్రిక ఆపి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "నేను నేర్పింది మేం మాట్లాడేది. ఇది వాళ్ళు అచ్చు వేసేది."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా."

"నువ్వు పడవల కొట్టానికి వచ్చావు. బడికి వెళ్ళి ఉంటే ఆ రెండోది నేర్పేవాళ్ళు."

కోపం వచ్చినా నవ్వక తప్పలేదు. మా ఊళ్ళో మా నాయనమ్మ మాట్లాడిన తెలుగుకూ, బళ్ళో వాచకంలో ఉన్న తెలుగుకూ కూడా అంతే దూరం. ఆమెకు వాచకం చదివి వినిపిస్తే, ఎవరో పెద్దమనిషి కోప్పడుతున్నాడనుకునేది. ద్రాసా కూలి లైన్లలోనూ ఇదే తంతు. విశాఖపట్నం వాడు 'ఏటి' అంటే నెల్లూరు వాడు నవ్వేవాడు. నెల్లూరు వాడు 'ఏంది' అంటే చిత్తూరు వాడు నవ్వేవాడు. మా చేత పని చేయించే ఉత్తరాది సర్దారుకు మాత్రం మేమందరం మాట్లాడేది ఒకటే, మద్రాజీ బోలీ. మద్రాసులో ఓడెక్కిన వాళ్ళందరూ మద్రాజీలు, కలకత్తాలో ఎక్కిన వాళ్ళందరూ కలకతియాలు. తెలుగువాడైనా అరవవాడైనా మలబారు వాడైనా సరే, రేవు పేరే మాకు జాతి పేరైంది.

ఆ తర్వాత వడ్రంగీ నేనూ కలిసి వారపత్రిక చదివేవాళ్ళం. అతనికీ అది పరాయి భాషలాగే ఉండేది. వేలు పెట్టి నెమ్మదిగా, బళ్ళో దెబ్బలు తిన్నవాడి గొంతుతో చదివేవాడు. ప్రాంతానికొక యాస ఎలా ఉంటుందో కథలుగా చెప్పేవాడు. "మా ఓడలో వంటకు దక్షిణపు కొండల వాడొకడు చేరాడు. మాట్లాడితే గొంతులో చేపముల్లు ఇరుక్కుందనుకుని, రొట్టె ముద్దలు చేసి మింగించాం. తర్వాత తెలిసింది, అది వాడి భాషని." బెర్లిన్ వాళ్ళ మాట నమ్మకూడదనేవాడు. రైను ఒడ్డువాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి దిగిపోతారనేవాడు. మొత్తం మీద సరైన జర్మన్ మాట్లాడేది తన పల్లెవాళ్ళే. అందులోనూ చాలామంది చచ్చిపోయారు.

అలా నాలుగైదేళ్ళు గడిచాక యూరపులో యుద్ధం మొదలైంది. సమోవాను న్యూజిలాండు సైన్యం పట్టుకుంది. వారపత్రిక రావడం ఆగిపోయింది. వడ్రంగిని తీసుకుపోవడానికి మనుషులు వచ్చినప్పుడు నేను రేవులోనే ఉన్నాను. జర్మన్‌వా అని అడిగితే, అవునన్నాడు. సగం మూసిన పడవ పగులు చూపించి, అది పూర్తి చేసి వస్తానన్నాడు. నిలబడి చూశారు. పూర్తి చేసి, చేతులు తుడుచుకుని, నాకు ఉలి ఇచ్చి వెళ్ళాడు. ఆస్ట్రేలియాలో ముళ్ళకంచెల మధ్య శిబిరం ఉందట, అక్కడికి పంపారు.

"నీ జర్మన్‌కి పని పోయింది," అన్నాడు సంపాదకుడు.

పోలేదు. కొద్ది నెలలకే ప్రభుత్వం నుంచి కబురు వచ్చింది. వనువాలేవు దీవిలో లంబాసా దగ్గర బులిలేకాలో ఒక కమ్మరి ఉన్నాడు, జర్మన్ అని ఫిర్యాదు. తాను స్విట్జర్లాండు వాణ్ణని అతనంటున్నాడు. స్విట్జర్లాండు యుద్ధంలో లేదు. స్విస్ అయితే కొలిమి దగ్గర ఉండిపోవచ్చు. జర్మన్ అయితే శిబిరానికి పోవాలి. కాగితాలేమీ లేవు, పెనుగాలిలో ఇంటికప్పుతో పాటు ఎగిరిపోయాయి. అతని మాట విని ఏ దేశం వాడో తేల్చడానికి భాష తెలిసినవాడు కావాలి. తెలిసిన తెల్లవాళ్ళందరినీ అప్పటికే శిబిరానికి పంపేశారు. మిగిలింది నేను.

లంబాసాలో దిగగానే, మా వాళ్ళందరూ చేసే పనే చేశాను. మా ఓడవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. ఒకే ఓడలో వచ్చినవాళ్ళం జహాజీలం. ఊరూ కులమూ సముద్రంలో పోయాక మాకు మిగిలిన చుట్టరికం అదొక్కటే. బులిలేకాలో ఒక అక్క ఉందన్నారు. విశాఖపట్నం వైపు మనిషి. ఓడలో వాంతులతో పడి ఉన్నప్పుడు నాకు గంజి తాగించిన మనిషి. వెళ్ళాను. గుమ్మంలోనే గుర్తుపట్టింది.

"రా తమ్ముడూ. సిక్కిపోనావు. సువాలో తిండెట్టరేటి నీకు?"

అన్నం పెడుతూ కబుర్లు చెప్పింది. ఆమె భర్త ఆ కమ్మరి దగ్గరే తిత్తి ఊదేవాడని అప్పుడు తెలిసింది. ఆయన మూల కూర్చుని నవ్వుతున్నాడు తప్ప మాట్లాడటం లేదు.

"ఆయనకి సెవులు పోనాయి, సుత్తి సప్పుడుకి," అంది అక్క. "రేపు కచేరీకి నన్ను రమ్మన్నారు, ఆయన బదులు. పోలీసోడు ఒచ్చి సెప్పినాడు. కమ్మరి బాబు గురించి అడుగుతారంట."

"తెలిసింది తెలిసినట్టు చెప్పక్కా," అన్నాను. విచారణలో మాట చెప్పడానికి పోతున్నవాణ్ణి సాక్షితో అంతకంటే మాట్లాడకూడదు.

ఆ సాయంత్రమే కమ్మరిని చూపించారు. పోలీసు ఠాణా వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. నెరిసిన గడ్డం, కాలిన మచ్చల చేతులు. మెట్ల మీద అతని భార్య, కైవీతి స్త్రీ, పిల్లలతో కూర్చుని ఉంది. ముగ్గురో నలుగురో, కదులుతూ ఉంటే తెలియలేదు. జర్మన్‌లో పలకరించాను. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నీ జర్మన్‌కి చేపల వాసన వస్తోంది," అన్నాడు.

"నా గురువు ఓడల మనిషి."

నవ్వాడు. మాట్లాడటం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి ఆ భాష మాట్లాడటానికి మనిషి దొరకలేదట, గుర్రాలకు లాడాలు కొట్టేటప్పుడు గుర్రాలతో మాట్లాడుకునేవాడట. మాట మధ్యలో ఫిజియన్ ముక్క వచ్చేది, దాని వెనక ఇంగ్లీషు ముక్క. తర్వాత చెయ్యి అటూ ఇటూ ఊపి అసలు ముక్క కోసం వెతికేవాడు. మా వాళ్ళు తెలుగు మాట్లాడేటప్పుడు నేను రోజూ చూసే వెతుకులాటే అది. గొంతు లోపలి నుంచి గరగరమని వచ్చే శబ్దం విన్నాక, వడ్రంగి చెప్పిన వంటవాడు గుర్తొచ్చాడు. ఇంటిని 'హూస్' అన్నాడు. ఉలిక్కిపడ్డాను. సముద్రపు ఒడ్డు వడ్రంగీ 'హూస్' అనే అన్నాడు, ఈ కొండల మనిషీ అదే అంటున్నాడు. దేశం ఆ కొసనా ఈ కొసనా ఒకటే మాట. మధ్యలో పత్రిక ఒక్కటే 'హౌస్' అంటోంది.

"మా ఊళ్ళో రైను నది చిన్నది," అన్నాడు. "ఇటు ఒడ్డు స్విట్జర్లాండు, అటు ఒడ్డు జర్మనీ. నేను పుట్టింది ఇటు. మా అమ్మ పుట్టింది అటు. పొద్దున్నే ఒడ్డున నిలబడి కేకేస్తే అటు నుంచి మా మామ పలికేవాడు."

"మీ మామ మాట మీ మాటలాగే ఉండేదా?"

"నది దాటేటప్పుడు మాట ఎందుకు మారుతుంది?"

మాటను బట్టి ఇతను ఏ ఒడ్డువాడో తేల్చమనే మర్నాడు అధికారి నన్ను అడుగుతాడు.

కమ్మరి నా చెయ్యి పట్టుకున్నాడు. "నీకు చెవులున్నాయి. వాళ్ళకు చెప్పు."

అతను చెబుతున్నది నిజమేనని నాకు అనిపించింది. మెట్ల మీద పిల్లలు మమ్మల్ని చూస్తున్నారు. నాన్న ఆ భాష మరో మనిషితో మాట్లాడటం ఎన్నడూ వినలేదు కాబోలు, చిన్నది నోరు తెరుచుకుని ఉంది.

మర్నాడు విచారణ. సువా నుంచి వచ్చిన అధికారి వయసులో చిన్నవాడు. మర్యాదస్థుడు. జ్వరం తగిలి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తొందరగా తేల్చుకుని తిరుగు స్టీమరు ఎక్కాలని ఉంది. నన్ను అడిగాడు.

"ఇతని మాట విన్నావు కదా. స్విస్సా, జర్మనా?"

"ఇద్దరూ ఇలాగే మాట్లాడతారండి. ఆ నదికి రెండు ఒడ్లా ఒకటే యాస."

"భాష తెలిసినవాడివని పిలిపించాం."

"మా దేశంలో కృష్ణకు ఇవతలి ఒడ్డు ఇంగ్లీషు వారిది, అవతలి ఒడ్డు నిజాముది. రెండు ఒడ్ల మనుషుల్నీ తెచ్చి నా ముందు నిలబెడితే, ఎవరు ఏ రాజ్యం వారో నేను చెప్పలేను. తెలుగు నా సొంత భాష."

"నాకు కృష్ణానది అక్కర్లేదు," అన్నాడు, కటువుగా కాదు, అలసటగా. "అంటే, స్విస్ కాదని చెప్పలేవు. స్విస్ అనీ చెప్పలేవు."

"అవునండి."

కలం పక్కన పెట్టాడు. ఏళ్ళ తరబడి నేర్చుకున్న చదువుకు అది ముగింపు. ఇప్పుడు ఎవరైనా పండితులు అడిగినా నా జవాబు మారదు. నిజం చెప్పినందుకు తృప్తి ఉండాలి. లేదు.

తర్వాత ఇరుగుపొరుగు సాక్ష్యం. అక్కను పిలిచారు. తెలుగే మాట్లాడతానంది, కనుక దుబాసీ పని కూడా నాకే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, పైట తల మీదికి లాక్కుని వచ్చి నిలబడింది.

"ఇతను ఎక్కడివాడో తెలుసా అని అడుగు," అన్నాడు అధికారి.

అడిగాను.

"తెలవకేటి బాబూ. ఆయనది హాంబుర్గు. ఎన్నిసార్లు సెప్పినాడో మా ఆయనకి. హాంబుర్గు రేవులో జహాజెక్కినాడు. మనం మద్రాజీలం, ఆయన హాంబుర్గోడు. బులిలేకాలో ఎవర్నడిగినా సెప్తారు."

హాంబుర్గ్ పేరు వినగానే అధికారి తలెత్తాడు. కమ్మరీ తలెత్తాడు. ఆమె మాటల్లో అతనికి అర్థమైంది ఆ ఒక్క పేరే. తర్జుమా చేయక తప్పదు, చేశాను. చేసి, ఒక మాట చెప్పుకోవడానికి అనుమతి అడిగాను. దుబాసీ సొంత మాట కలపకూడదు, అది ఆ పని నియమం. అయినా ఆ యువకుడు సరేనన్నాడు.

"మా వాళ్ళలో ఎక్కడివాడివి అంటే ఏ రేవులో ఓడెక్కావు అని అర్థమండి. పుట్టిన ఊరు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఈమె మద్రాజీనంది. ఈమె పుట్టింది మద్రాసుకు ఎంతో దూరాన, విశాఖపట్నం దగ్గర. మద్రాసు ఈమె చూసింది ఓడ కోసం కూలీల డిపోలో ఉన్న కొన్నాళ్ళే. ఇతనికి హాంబుర్గ్ కూడా అంతే."

"నువ్వు?"

"నేనూ అంతేనండి. పనికోసం మద్రాసు చేరినవాణ్ణి. పుట్టింది అక్కడ కాదు."

"మా దస్తావేజుల్లో నువ్వు ఎవరివని ఉంది?"

"మద్రాజీనని."

"ఎప్పుడైనా దిద్దమని అడిగావా?"

"లేదండి."

ఎద్దేవా చేద్దామని అడిగినట్టు లేదు. అంతలో కమ్మరి నాతో ఏదో అన్నాడు. ఏమంటున్నాడని అధికారి అడిగాడు. చెప్పక తప్పలేదు.

"ఆమె అన్నది నిజమేనట. తాను ఓడెక్కింది అక్కడేనట."

కలం మళ్ళీ చేతిలోకి వచ్చింది. కాగితం లేని మనిషి, జర్మన్ భాష, జర్మన్ రేవు, స్వయంగా ఒప్పుకోలు. నేను ఆ అధికారి కుర్చీలో ఉన్నా అంతకంటే వేరే రాయగలిగేవాణ్ణా అని చాలాసార్లు ఆలోచించాను. ఇప్పుడు ఆలోచించడం మానేశాను.

కమ్మరిని తీసుకువెళ్ళే స్టీమరులోనే నేనూ తిరిగి రావాల్సి వచ్చింది. రేవులో అతని భార్య చుట్టచుట్టిన చాప ఒకటి తెచ్చి చేతికిచ్చింది. ఏడవలేదు. పిల్లల్ని ఒక్కొక్కరినే ముందుకు తోసింది, అతను ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టాడు. అక్క కూడా వచ్చింది. తోవలో తినడానికి రొట్టెలు మూటగట్టి అతనికిచ్చింది. ఆమె మొహం చూసి నాకు ఒళ్ళు మండింది. సంతోషంగా ఉంది, పెళ్ళివారిని సాగనంపుతున్నట్టు. నన్ను కేకేసింది. వినపడనట్టు ఓడెక్కేశాను.

ఓడలో కమ్మరి నా పక్కనే కూర్చున్నాడు. నిష్ఠూరమాడలేదు. రొట్టె తుంచి నాకూ ఒక ముక్క పెట్టాడు. దీవి కనుమరుగయ్యేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. మళ్ళీ ఎప్పుడు దొరుకుతానోనని కాబోలు. వాళ్ళ ఊళ్ళో ఒడ్డు మీద నిలబడి ఎలా కేకేస్తారో వినిపించాడు. కాపలావాడు ఉలిక్కిపడి చూశాడు.

నేను రాసిన పెద్ద వార్తను సంపాదకుడు రెండు పంక్తులకు కుదించాడు. "ఓడలో ఎవరు పోయారో రాయడం నీ పని," అన్నాడు. ఆ రెండు పంక్తుల్లో కమ్మరిని జర్మన్ అనే రాశారు.

యుద్ధం ముగిసింది. కొన్నాళ్ళకు గిర్మిట్లు కూడా రద్దయ్యాయి. శిబిరంలో వాళ్ళను ఓడలకెక్కించి యూరపు పంపేశారని తంతి వార్త వచ్చింది. దాన్ని అచ్చుకు పంపింది నేనే. ఆ తర్వాత ఎప్పుడో సువా రేవులో ఆగిన ఒక సరుకు ఓడ నావికుడు నా పేరు అడుగుతూ పత్రిక ఆఫీసుకు వచ్చాడు. మా వడ్రంగి కబురు పంపాడు. హాంబుర్గ్‌లో ఉన్నాడు, రేవులో పని దొరికింది. ఆ ఉలి తుప్పు పట్టనివ్వొద్దన్నాడు.

"ఇంకేమన్నాడు?"

"ఫిజీ కమ్మరి ఒకణ్ణి కూడా అదే ఓడలో తెచ్చి అక్కడే దింపారట. రేవులోనే లంగరు గొలుసులు అతుకుతున్నాడట. అతని మాట అక్కడ ఎవరికీ అర్థం కాదట. మీ వడ్రంగి కూడా ఇంగ్లీషులోనే మాట్లాడతాడట అతనితో."

తిరిగి రానిస్తారా అని అడిగాను. నావికుడు భుజాలెగరేశాడు. అప్పట్లో ఈ దీవులకు ఆ దేశం వాళ్ళను రానివ్వడం లేదు.

బులిలేకాకు మళ్ళీ వెళ్ళడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ధాన్యం పంట గురించి రాయడానికి ఆ దీవిలోనే ఉన్న డ్రెకేటి వెళ్ళి, తిరుగు దారిలో లంబాసాలో ఆగాల్సి వచ్చింది. అక్క ముసలిదైపోయింది. భర్త పోయాడు. కొలిమి ఉన్న చోట ఎవరో చెరకు వేశారు. కమ్మరి భార్య పిల్లల్ని తీసుకుని కొండల్లో తన వాళ్ళ ఊరికి వెళ్ళిపోయిందట.

"అది ఓడెక్కనందో ఏటో," అంది అక్క పొయ్యి ముందు కూర్చుని. "పుట్టిన మట్టి ఒదులుకోడం ఎవులికి ఇష్టం? పెళ్ళాం పిల్లలకీ సోటిస్తారు కదా తిరుగు జహాజులో. మనోలకి ఇచ్చినారు కాదేటి."

నాకు వెంటనే అర్థం కాలేదు. తిరుగు జహాజు అంటే గిర్మిట్ చేసి పదేళ్ళు నిండినవాళ్ళను సర్కారు ఖర్చుతో ఇంటికి పంపే ఓడ. మా వాళ్ళందరూ ఎదురుచూసే ఓడ అది.

"ఏ తిరుగు జహాజక్కా?"

"అదే, కమ్మరి బాబుని పంపినారు కదా. పోలీసోడు ముందే సెప్పినాడు నాకు. ఆయన ముల్కు, అదే ఆయన దేశం, ఏదో కచేరీలో సెప్తే సర్కారు జహాజెక్కిస్తాదని. నాను గట్టిగా అనుకున్నాను, ఈ పాలి తప్పు పోకూడదని. మా ఆయనకేటయింది? తిరుగు జహాజుకని ఎల్తే, ఏ ఊరని అడిగినారు. మా ఊరి పేరు సెప్పినాడు, పిచ్చోడు. ఒచ్చినప్పుడు డిపోలో మేస్త్రి ఇంకేదో ఊరు రాయించినాడు. కలవలేదు. ఎనక్కి పంపేసినారు. మద్రాసని అంటే సరిపోను. అందుకే నాను ఊరూ గీరూ అనకుండా రేవు పేరే సెప్పినాను. రేవు పేరుకి తిరుగుండదు."

పొయ్యిలో పుల్ల సర్దింది.

"పొద్దుగూకేతలికి కొలిమి ఆరిపీసి, ఆళ్ల ఊరి కేకలు ఏసీవోడు ఒంటిగా. ఎవులూ పలికీవోరు కారు. నాను గుమ్మంలో కూకుని ఇనీదాన్ని." నా వైపు తిరిగింది. "నీకు ఓడల సంగతులు తెలుస్తాయి కదా. సేరినాడా తమ్ముడూ, హాంబుర్గు?"

వృత్తిలో నన్ను ఎందరో ఓడల గురించి అడిగారు. దేనికీ తప్పు జవాబు చెప్పిన గుర్తు లేదు.

"చేరాడక్కా," అన్నాను.

ఆమె అన్నం గిన్నె దించి, నా ముందు ఆకు పరిచింది.

"పోనీలే. మనోలలో ఒకడైనా సేరినాడు."